ఫాదర్ పెళ్లికి మా మామ అభ్యంతరం

రిజిస్ట్రేషన్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. డిపార్టుమెంటు పరీక్షల గురించి అడగడానికని వచ్చి, చాయ్ తాగి, చివరికి "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. ఏదో భూమి తగాదా చెబుతాననుకుంటారు. నేను ఒక పెళ్లి గురించి చెబుతాను. సబ్ రిజిస్ట్రారు కుర్చీకి దస్తావేజుల మీద ముద్ర వేసే అధికారంతో పాటు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లిళ్లు చేసే అధికారం కూడా ఉందన్న సంగతి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే చాలాసార్లు గుర్తుండదు. నాకూ ఉండేది కాదు. ఎనభైల నడుమ ఒక ఎండాకాలం ఉదయం ఒక మనిషి వచ్చి గుర్తు చేశాడు.

అప్పుడు నేను ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న టౌనులో పనిచేస్తున్నాను. అంతకు ముందు బోథ్‌లో ఉండేవాణ్ని. అక్కడ ఆదివారం పూజకు బస్సెక్కి పోవాల్సి వచ్చేది. ఈ టౌనులో చర్చి ఉందని, నా భార్య పోరు పెట్టగా పెట్టగా, బదిలీ అడిగి తెచ్చుకున్నాను. మాది కథోలిక కుటుంబం. మా మామ, అంటే నా భార్య తండ్రి, ఉపదేశి. ఫాదర్ రోజూ రాలేని ఊళ్లలో జపాలు నేర్పి, ప్రార్థన చెప్పించి, ఎవరింట్లో పురుడైనా చావైనా ముందుగా వెళ్లి నిలబడే మనిషి. జీవితమంతా అదే పని చేసి, ముసలితనంలో కూడా తెల్లధోవతి, మెడలో నల్లదారానికి సిలువ, చేతిలో గొడుగుతో తన ఊళ్లో తిరుగుతుండేవాడు. వాళ్ల ఊరు మా టౌనుకు బస్సులో గంట దూరం.

ఆ ఉదయం నేను ఏదో గిఫ్టు డీడు చూస్తున్నాను. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తాను. చూసీ చూడగానే లేచి నిలబడి "స్తోత్రం ఫాదర్" అన్నాను. సాక్షాత్తు జాయింటు కలెక్టరు వచ్చినప్పుడు కూడా అంత తొందరగా లేవలేదని మా అటెండరు తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

"కూసో, కూసో. ఇయ్యాల నువ్వు కుర్చీల ఉండాలె, నేను నిలవడాలె" అన్నాడాయన నవ్వుతూ.

ఆయన మా ఊళ్లన్నిటికీ ఫాదర్‌గా, మా మాటలో విచారణ గురువుగా, చాలా ఏళ్లు పనిచేశాడు. కరీంనగర్ జిల్లా పల్లెటూరివాడు. మా మామా ఆయనా ఒకే సైకిలు మీద ఊళ్లు తిరిగేవాళ్లు. ఫాదర్ తొక్కితే మామ వెనక కూర్చునేవాడు. ఎత్తు వస్తే ఇద్దరూ దిగి నడిచేవాళ్లు. నా పెళ్లి చేసింది ఆయనే. నా బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చింది ఆయనే. రెండేళ్ల కిందట ఒకరోజు, ఇక గురువు పని చేయలేనని బిషప్ గారికి చెప్పి, తెల్లంగీ తీసేసి వెళ్లిపోయాడు. శ్రీరాంపూర్ దగ్గర గని కార్మికుల పిల్లలు చదివే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాడని విన్నాం. మా చర్చిలో ఆయన పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. చనిపోయినవాళ్ల పేర్లయినా నవంబరులో తలుచుకుంటాం, ఆయనకు అదీ లేదు.

ఆ రోజు ఆయన గళ్ల చొక్కా వేసుకున్నాడు. వెనక ఒకామె ఉంది. దవాఖానలో నర్సు, అందరూ నర్సమ్మ అంటారు. నలభై దాటి ఉంటుంది. ఆమెనూ నేనెరుగుదును. భర్త గనిలో పైకప్పు కూలి పోయాడు. పిల్లలు లేరు. ఒక ఏడు ఊళ్లలో వాంతులు విరేచనాలు లేచినప్పుడు, ఫాదరూ ఆమే మా మామా ముగ్గురూ కలిసి ఇంటింటికీ తిరిగి ఉప్పు చక్కెర నీళ్లు తాగించారు.

"పెండ్లి నోటీసు ఇద్దామని వచ్చినం" అన్నాడు ఫాదర్.

అధికారిగా నేను అడగవలసినవి వయసు, నివాసం, బతికున్న భార్యగానీ భర్తగానీ ఉన్నారా అన్నవి మాత్రమే. "బాగా ఆలోచించిండ్రా ఫాదర్?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న అది.

"ఆలోచించుడు తప్ప ఇన్నేండ్లు ఇంకేం చేసిన్నో చెప్పు" అన్నాడాయన.

చట్టం ప్రకారం నోటీసు ఆఫీసు బోర్డు మీద నెల రోజులు ఉండాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆలోగా చెప్పాలి. మా అటెండరు మైదాపిండి ఉడికించి తెచ్చి, బందెలదొడ్డి పశువుల వేలం ప్రకటన పక్కన ఆ కాగితం అతికించాడు. సాయంత్రానికి టౌనంతా తెలిసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, దస్తావేజులకు వచ్చినవాళ్లు, ఎరువుల దుకాణంవాళ్లు వచ్చి చదివి పోయారు. మాకు ఎరుకైన ఒక దొరగారి ఇంటి పెద్దమనిషి పాపం ఓదార్పుగా "మీ ఫాదర్లకు పెండ్లిళ్లు ఉండయంటివి గదా సార్, ఏదో మార్చిండ్రా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక "ఇంకా మార్చలేదండీ" అన్నాను.

ఇంట్లో నా భార్య ఆ రాత్రి అన్నం పెట్టి పక్కకు వెళ్లి కూర్చుంది. మామూలుగా నా ఎదురుగా కూర్చుని రోజంతా జరిగింది చెప్పే మనిషి.

"నోటీసు తీసుకోకుంటే నా నౌకరి పోతది" అన్నాను.

"నౌకరి సంగతి నేను అడిగిన్నా?" అంది. అంతే.

రెండు రోజుల తర్వాత కొత్త విచారణ గురువు మా ఇంటికి వచ్చాడు. కేరళ నుంచి వచ్చిన యువకుడు. తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవాడు కావడంతో మా ఊళ్లో ఎవరూ మాట్లాడనంత చక్కటి తెలుగు మాట్లాడేవాడు. కుర్చీ అంచున కూర్చుని, చేతులు నలుపుకుంటూ అన్నాడు: "మీరు ఒక నెల సెలవు పెట్టవచ్చును కదా. వేరొక అధికారి వచ్చి ఆ కార్యము చేయును. ఒక కథోలికుడే ఆ వివాహము జరిపించెనన్న మాట ప్రజలకు దుర్మాతృక, అనగా చెడు మాదిరి, అగును."

బెదిరించాడని చెప్పను, అది అన్యాయం. కానీ మా పాప పూజలో ఫాదర్ చేతిమీదుగా తొలిసారి అప్పం అందుకునే మొదటి సత్ప్రసాదం పండుగ ఇంకో రెండు నెలల్లోనే ఉంది. తెల్లగౌను అప్పటికే కుట్టించాం. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. అది మాత్రం గదిలో మా ముగ్గురి నడుమ కూర్చునే ఉంది.

సెలవు సంగతి నేను ఆలోచించలేదని కాదు. దరఖాస్తు కాగితం తీసి కలం కూడా విప్పాను. నన్ను ఆపింది ఏ గొప్ప ఆదర్శమూ కాదు. నా పెళ్లినాడు ఆయన జ్వరంతో ఉన్నాడు. ఒళ్లు కాలిపోతుంటే వానలో సైకిలు మీద వచ్చి, పూజ చేసి, మా చేతులు కలిపి, భోజనం చేయకుండానే వెళ్లి పడుకున్నాడు. వేరే ఫాదర్‌ని పంపిస్తానని అనలేదు. ఆ మనిషి నా గుమ్మంలోకి వస్తే నేను ఊరు విడిచి పోవడం నాకు నచ్చలేదు.

నోటీసు గడువు ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా అభ్యంతరం వచ్చింది. వేసింది మా మామ.

బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చాడట. బయట చింత కింద బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు రైటర్ సాబ్ చేత రాయించాడు. ఆ రైటర్ సాబ్ ముస్లిం పెద్దాయన. ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడూ ముత్యాల్లా రాస్తాడు. మామ ఆ కాగితం అటెండరుకిచ్చి, నన్ను చూడకుండానే, బిడ్డ ఇంటికి కూడా పోకుండా, మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయాడు. అందులో ఇట్లా ఉంది: "వరుడికి ఇదివరకే పెండ్లి అయినది. వధువు తిరుసభ. ఆమె సజీవముగా ఉన్నది. కావున ఇతనికి రెండవ పెండ్లి చెల్లదు." తిరుసభ అంటే మా కథోలిక చర్చి మొత్తం; గురువైనవాడు దాన్నే పెళ్లాడినట్టని మావాళ్ల మాట.

నేను రైటర్ సాబ్‌ని పిలిచి "ఇదేంది సాబ్, గిట్ల రాసిచ్చిండ్రు?" అన్నాను.

"చట్టంల ఏముంటె పనికొస్తదని అడిగిండు ముసలాయన. బతికున్న భార్య ఉంటె పెండ్లి ఆగుతదని చెప్పిన. జర సేపు సోంచాయించి గీ మాట చెప్పిండు. నేను రాసిన. నా పని రాసుడు, అభ్యంతరం నాది కాదు సాబ్" అన్నాడాయన.

నవ్వొచ్చింది. పనికిరాదని పక్కన పడేయవచ్చు. కానీ అభ్యంతరం వచ్చిందంటే అధికారి విచారణ చేసి తీరాలని చట్టం. మా చర్చి భాషలో విచారణ అంటే ఒక ఫాదర్ చూసుకునే ఊళ్లన్నీ కలిపి. ఆఫీసు భాషలో విచారణ అంటే ఇదీ. రెండు విచారణలూ నా నెత్తిమీదికి ఒక్కసారే వచ్చాయి. జిల్లా రిజిస్ట్రారుకు ఫోన్ చేసి, అభ్యంతరం వేసింది మా మామే, ఇంకెవరినైనా పంపండి సార్ అని అడిగాను.

"మామ అయితే ఏందయ్యా? ఆయన నిన్ను అల్లుడా అని అర్జి పెట్టిండా? లేదు గదా. విను, రాయి, పంపు" అని ఫోన్ పెట్టేశాడు.

విచారణ రోజు మామ ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి చేతులు జోడించి "నమస్తే సార్" అన్నాడు. పదేళ్లుగా నన్ను అల్లుడా అని తప్ప పిలవని మనిషి. నాకు కూర్చోవడమే కష్టమైంది. కుర్చీ వేయిస్తే కూర్చోలేదు. ఫాదరూ నర్సమ్మా రెండో పక్క నిలబడ్డారు. మామ ఫాదర్‌ని చూసి "స్తోత్రం ఫాదర్" అన్నాడు.

"నన్ను అట్ల పిలువకుండ్రి ఇగ" అన్నాడు ఫాదర్.

"నాకు ఇంకో పిలుపు రాదు" అన్నాడు మామ.

నేను అభ్యంతరం చదివి, ఇది మీదేనా అని అడిగాను.

"నాదే సార్. చెయ్యి రైటర్ సాబ్‌ది, మాట నాది."

"చట్టం అడిగేది బతికున్న భార్య గురించి. తిరుసభ మనిషి కాదు కదా?"

"చట్టం రాసినోళ్లకు తెల్వకపోవచ్చు సార్. ఆయనకు గురువుగ అభిషేకమైన్నాడు నేను ఆడనే ఉన్న. పీఠం ముంగట బోర్ల పండుకొని లేచిండు. పండుకున్న మనిషి వేరే, లేచిన మనిషి వేరే. గది కడుక్కుంటె పోయేది కాదు. చచ్చినంక సుత పోదు. గసొంటి మనిషిని ఇంకొకరికి ఎట్ల ఇచ్చేస్తరు మీరు?"

అటెండరు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. నేను వాణ్ని బయటికి పంపాను. తర్వాత ఫాదర్ వైపు తిరిగి, మీరేమంటారని అడిగాను.

ఆయన మామ వైపు తిరిగాడు. "ఉపదేశి గారు చెప్పింది అబద్ధమని నేను అనలేను. గా లేచిన మనిషిని నేనే. పూజ తప్పని గాని, తిరుసభ తప్పని గాని నేను అంటలేను. ఒంటరిగ ఉండుడు నాతోని కాలే. విడుదల ఇయ్యుండ్రి అని పెద్దలకు అర్జి పెట్టుకున్న. ఏండ్లాయె. అవునని రాలే, కాదని రాలే. చాటుగ ఉండుండ్రి, ఎవలడుగుతరు అని చెప్పినోళ్లు మాత్రం ఉన్నరు. పొద్దున పీఠం మీద నిలబడి, మాపటికి చాటుగ బతుకుడు నాకు పాపమనిపించింది. ఇది అనిపించలే."

"అనిపించుడేంది ఫాదర్?" మామ గొంతు లేచింది. "ఎవల మనసుకు ఏదనిపిస్తె గది చేసుకుంట పోతె ఇగ తిరుసభ ఎందుకు? నాకైతే రోజు ఎన్ని అనిపిస్తయి!"

"మనసు గుంజుడు వేరే, మనస్సాక్షి వేరే. గా మాట మీరే పిల్లలకు చెప్పేది, నేను పక్కన కూసోని వినేది. నేను తిరుసభను విడిచిపెడుతలేను. ఆదివారం వస్త, వెనక కూసుంట. సత్ప్రసాదం ఇయ్యరు. ఇయ్యకపోనీ, గా శిక్ష నాకు సమ్మతమే. అబద్ధం మాత్రం చెప్పియ్యకుండ్రి నాతోని."

మామ నర్సమ్మ వైపు తిరిగాడు. "నీకైనా చెప్పాలె బిడ్డా. మంచిదానివి. లోకంల ఇంకో మగోడు దొరకలేదా నీకు?"

అంతవరకు ఆమె నేల చూస్తూ నిలబడి ఉంది. తలెత్తి, మెల్లగా, కోపం లేకుండా చెప్పింది: "దొరికిండ్రు తాతా. నా పెనిమిటి పోయిన్నాటి సంది చాటుగ ఉందామన్నోళ్లు మస్తుమంది దొరికిండ్రు. మన సంగం పెద్దమనుషులు సుత ఉన్నరండ్ల. బోర్డు మీద నా పేరు పక్కన తన పేరు రాపిచ్చుకుంట అన్నోడు గీయన ఒక్కడే."

మామ మొఖం చూడలేక నేను కిటికీ వైపు చూశాను. కిటికీ అవతల రైటర్ సాబ్ కలం ఆపి వింటున్నాడు.

మామ అన్నాడు: "నీ మాట నిజమే బిడ్డా. అయినా నా అభ్యంతరం ఉన్నది. రాసుకోండ్రి సార్."

రాసుకున్నాను. ఆ రోజు ఆయన మా ఇంటికి వచ్చాడు. నీళ్లు తాగి, అన్నం వద్దన్నాడు. నా భార్య అప్పటిదాకా గుండెలో పెట్టుకుని తిరుగుతున్నది అప్పుడు అడిగింది.

"బాపూ, ఆయన చేసిన నా పెండ్లి ఉన్నట్టా, లేనట్టా? పిల్లకు ఇచ్చిన జ్ఞానస్నానం ఉన్నట్టా, లేనట్టా? నాకు నిద్ర పడుతలేదు."

మామ ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఉన్నట్టే బిడ్డా. గా చెయ్యి చేసింది ఏదీ పోదు. గందుకేనే నా బాధ. పోయేదైతె నాకేం ఫికర్?" అని కళ్లు తుడుచుకుని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత చాలాకాలం మా గడప తొక్కలేదు.

నేను అభ్యంతరం కొట్టేశాను. చట్టం దృష్టిలో తిరుసభ భార్య కాదని, కనుక పెళ్లికి ఆటంకం లేదని రాశాను. అంతటితో ఆగితే బాగుండేది. "అభ్యంతరదారుని బాధ నిజమైనదే అయినప్పటికీ" అని మొదట ఒక ముక్క తగిలించాను. తనిఖీకి వచ్చినప్పుడు జిల్లా రిజిస్ట్రారు ఆ ముక్క కింద ఎర్రగీత గీసి, "ఆర్డర్ల బాధలు రాయద్దయ్యా, బాధలకు కోర్టు ఫీజు స్టాంపు లేదు" అని కోప్పడ్డాడు. ఆఫీసు వ్రాతగా అది తప్పే. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న పిల్లలకు నేనూ రాయొద్దనే చెబుతాను. నాకు మాత్రం ఆ ముక్క లేకుండా సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

పెళ్లిరోజు ముగ్గురు సాక్షులు కావాలి. నర్సమ్మ తమ్ముడు గని నుంచి పొద్దున షిఫ్టు దిగి, కళ్లకింద బొగ్గు సరిగా పోకుండానే వచ్చాడు. ఫాదర్ పనిచేసే బడి హెడ్‌మాస్టరు వచ్చాడు. మూడో సాక్షి మా చర్చి మనిషే, టీచరు. వస్తానని మాట ఇచ్చినవాడు. మధ్యాహ్నం దాటింది, రాలేదు. మనిషిని పంపిస్తే, ఇంట్లో లేడని అతని భార్య చెప్పింది. లోపల మంచం మీద కాళ్లు కనిపించాయని వెళ్లినవాడు చెప్పాడు. అంతవరకు నిటారుగా కూర్చున్న ఫాదర్ కొంచెం వంగిపోయాడు. చర్చివాళ్లు ఒక్కరైనా ఉండాలని ఆయన ఆశ. అది నాకు తెలుసు. నేనే సంతకం పెట్టొచ్చు అంటే అదీ లేదు. పెళ్లి చేసేవాడు సాక్షి కాలేడు.

అప్పుడు రైటర్ సాబ్ కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. "ఏం పరేషాన్ సాబ్?"

చెప్పాను.

"గింతేనా? నేను పెడ్త" అంటూ చేతులు తుడుచుకుని లోపలికి వచ్చాడు.

"అభ్యంతరం రాసింది మీరే గదా సాబ్" అన్నాడు ఫాదర్.

"అది ముసలాయన కడుపుల మాట, రాసిచ్చిన. గా దినం గీ అమ్మ చెప్పింది సుత విన్న. దానికి సాక్షి నేనే గదా" అని నర్సమ్మకు సలాం చేసి సంతకం పెట్టాడు.

ఇక మాటలు చెప్పడం మిగిలింది. ఒకరినొకరు చట్టబద్ధంగా స్వీకరిస్తున్నామని ఇద్దరూ నా ఎదుట పైకి చెప్పాలి. ఒక్క వాక్యమే. నర్సమ్మ తడుముకోకుండా చెప్పింది. ఫాదర్ మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. ఎన్ని జంటల చేత ఆ మాటలు చెప్పించాడో లెక్క లేదు. మా పెళ్లిలో నేను తడబడితే, చిన్నగా ముందుకు వంగి, ఎవరికీ వినపడకుండా తర్వాతి ముక్క అందించాడు. ఆ రోజు నేను బల్ల మీదుగా ముందుకు వంగి అందించాను. ఆయన అందుకుని పూర్తిచేశాడు. రైటర్ సాబ్ పేడాలు తెప్పించాడు. బోర్డు మీది నోటీసు అటెండరు గీకి తీసేశాడు.

ఆ ఆదివారం పూజలో సత్ప్రసాదం వరసలో నిలబడాలా వద్దా అని నేను చాప మీదే కూర్చుండిపోయాను. ఆడవాళ్ల వైపు నుంచి నా భార్య లేచి, నన్ను చూసి, "నడువు" అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. ఇన్నాళ్లకు ఆమె నాతో అన్న మొదటి మంచి మాట అదే, నోటితో అనకపోయినా. వెళ్లి నిలబడ్డాను. యువ ఫాదర్ నా మొఖంలోకి ఒక క్షణం చూశాడు. ఇచ్చాడు. తర్వాతి నెల మా పాపకూ తన చేత్తోనే ఇచ్చాడు. దాని గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఆయన పుస్తకాల తెలుగు మీద నేను పరిహాసం మానేశాను.

ఆ భార్యాభర్తలు ఆదివారం ఆదివారం వచ్చేవాళ్లు. ఆయన మగవాళ్ల వైపు చివర, చెప్పులు విడిచే గుమ్మం దగ్గర. ఆమె ఆడవాళ్ల వైపు చివర. వాళ్ల పక్కన చాపలో ఎప్పుడూ ఖాళీ ఉండేది. సత్ప్రసాదం వేళ అందరూ లేస్తే వాళ్లిద్దరూ తలలు వంచుకుని మోకాళ్ల మీద ఉండిపోయేవాళ్లు.

మామ మళ్లీ మా ఇంటికి వచ్చింది రోగంతో. రెండు వానాకాలాలు గడిచాక, ఛాతీలో నిమ్ము చేరి ఊపిరి అందని స్థితిలో ఊరివాళ్లు ఎడ్లబండిలో బస్సు రోడ్డు దాకా తెచ్చి, మాకు కబురు పెట్టారు. దవాఖానలో చేర్చాం. ఆయన అక్కడ ఉండనని పట్టుబట్టి ఇంటికి తెప్పించుకున్నాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఏమీ చెప్పలేనన్నాడు. యువ ఫాదర్ బిషప్ గారి దగ్గర వార్షిక ధ్యానానికి వెళ్లాడు. మర్నాటి పొద్దునగానీ రాడు.

మధ్యాహ్నం మామ కళ్లు తెరిచి "ఫాదర్‌ను పిలువుండ్రి" అన్నాడు.

"రేపు పొద్దున వస్తడు బాపూ, కబురు పెట్టినం" అంది నా భార్య.

"ఆయన కాదు. మన ఫాదర్."

మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం.

"ఏం సూస్తున్రు? చావు మీదికొచ్చినోనికి ఏ గురువైనా చెయ్యొచ్చు. పో అల్లుడా, తోల్కరా."

స్కూటరు మీద శ్రీరాంపూర్ వెళ్లాను. ఆయన బడిలో బోర్డు ముందు ఉన్నాడు, వేళ్లకు సుద్ద. విషయం చెబితే గోడకు ఆనుకున్నాడు. చర్చి చట్టం ఆయనకూ తెలుసు. ప్రాణాపాయంలో ఉన్నవాడు అడిగితే, అధికారం తీసేసిన గురువైనా పాపసంకీర్తనం వినవచ్చు, అంటే అతను ఒప్పుకున్న పాపాలు విని మన్నింపు చెప్పవచ్చు. తెలియడం వేరు, ఆ గదిలోకి నడవడం వేరు. "ఏ మొఖం పెట్టుకొని పోవాలె నేను?" అన్నాడు. వెళ్తూ వాళ్లింటి దగ్గర ఆగాం. నర్సమ్మ డ్యూటీకి బయల్దేరుతోంది. మొత్తం విని, చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోసింది. "సుద్ద కడుక్కో. నిన్ను అడిగింది రోగి. అడిగినంక పోవాలె" అంది. తను కూడా సంచిలో సూదిమందు సర్దుకుని ఆటోలో వెనకే వచ్చింది.

ఆయన లోపలికి వెళ్లాడు. మేం తలుపు దగ్గరికి వేశాం. బయట అరుగు మీద నర్సమ్మ కూర్చుంది. నా భార్య ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చి, కాసేపు నిలబడి, పక్కనే కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఫాదర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిద్రపోయిండు" అని మాత్రం చెప్పి, అరుగు దిగి, నర్సమ్మను పిలవడం కూడా మరిచి, రోడ్డు మీదికి నడిచిపోయాడు.

చనిపోతాడనుకున్న మామ చనిపోలేదు. ఆ సాయంత్రం చెమట పట్టి జ్వరం దిగింది. మర్నాడు యువ ఫాదర్ రోగికి పూసే దీవెన నూనె భరిణె పట్టుకుని ఉరుకుల పరుగుల మీద వచ్చేసరికి, మామ దిండుకు ఆనుకుని జొన్న గటక తాగుతున్నాడు.

"పాపసంకీర్తనము చేసెదరా?" అని అడిగాడు యువ ఫాదర్.

"అయింది ఫాదర్."

"ఎవరి యొద్ద?"

మామ చెప్పాడు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. యువ ఫాదర్ కుర్చీలో కూర్చుని, భరిణె మూత అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి "అది చెల్లును" అన్నాడు. లేస్తూ మళ్లీ, "కానీ మీరు బ్రతికితిరి కదా. వచ్చే నెల మాత్రము నా యొద్దకే రావలెను" అన్నాడు. మామ సరేనన్నాడు. నేను ఆ ఫాదర్ పెదవుల మీద నవ్వు చూడటం అదే మొదలు.

మామ లేచి తిరిగే స్థితికి వచ్చాక మాతోపాటే చర్చికి వచ్చాడు. ఉపదేశిగా ఆయన చోటు ఎప్పుడూ ముందు వరసలో, హార్మోనియం పక్కన. అక్కడ ఆయన కోసం చాప వేసి ఉంచారు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, రెండడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చి, గోడకు గొడుగు ఆనించి, మా పాత ఫాదర్ కూర్చునే ఆ ఖాళీ చాప మీద ఒక పక్కకు కూర్చున్నాడు. అవతలి వైపు నా భార్య కూడా నర్సమ్మ పక్కకు వెళ్లి కూర్చుంది. పూజ ఇంకా మొదలవలేదు. సంగం పెద్ద ఒకాయన వంగి, ఆశ్చర్యంగా అడిగాడు: "ఏం ఉపదేశి గారు, అభ్యంతరం వాపస్ తీసుకున్నరా?"

"నేనెందుకు తీసుకుంట? అల్లుడు కొట్టేసిండు. నేనైతే తీసుకోలే" అన్నాడు మామ. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న అలికిడికి తల తిప్పి, గళ్ల చొక్కా చూశాడు. "నువ్వు జర అవతలికి జరుగు. ఫాదర్ వస్తుండు, కూసోనీకి జాగ కావాలె."